హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఏ వెర్షన్ కొనాలి?

హాజరు సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవారు చూపించే డెమోలో ఎవరూ పంచ్, అంటే రాకపోకల వేళ యంత్రంలో నమోదు చేయడం, మరచిపోరు. రాత్రి షిఫ్టు ఉండదు, కరెంటు పోదు, సిగ్నల్ పడిపోదు, కాంట్రాక్టరు నెల మధ్యలో మనుషులను మార్చడు. తెర మీద రంగురంగుల గ్రాఫులు కనిపిస్తాయి. పక్కనే ఉచితం, బేసిక్, ప్రొఫెషనల్, ఎంటర్‌ప్రైజ్ అంటూ ధరల పట్టిక. మరీ చౌకది వద్దు, మరీ ఖరీదైనదీ వద్దు అనుకుని చాలా సంస్థలు మధ్య దానికి సంతకం పెట్టేస్తాయి. ఆ ఎంపిక సరైనదో కాదో నెలాఖరున జీతాలు లెక్కకట్టే రోజున గానీ తెలియదు. అప్పటికి ఏడాది డబ్బు కట్టేసి ఉంటారు.

వెర్షన్ల మధ్య తేడాను ఫీచర్ల సంఖ్యతో కొలవడం వల్లే ఈ పొరపాటు జరుగుతోంది. కొలవాల్సింది ఒక్కటే: లెక్క తప్పినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? తప్పును తనే పట్టుకుంటుందా, దిద్దుకోనిస్తుందా, దిద్దినట్టు గుర్తు ఉంచుతుందా? వచ్చిన వేళ, వెళ్లిన వేళ నమోదు చేయడం ఉచిత వెర్షన్‌కు కూడా వచ్చు. అసలు డబ్బు ఇవ్వాల్సింది ఈ తర్వాతి పనికి.

దీనికన్నా ముందు, గంటలు ఎందుకు లెక్కిస్తున్నామో తేల్చుకోవాలి. పాశమైలారంలోనో జీడిమెట్లలోనో ఉన్న కర్మాగారానికి గంటలంటే కూలి, ఓటీ అనే అదనపు పని గంటలు, మస్టర్ అనే హాజరు పట్టీ. మాదాపూర్‌లో కూర్చుని అమెరికా క్లయింటుకు గంటల చొప్పున బిల్లు పంపే కంపెనీకి గంటలంటే రాబడి. విజయవాడలోని ఒక ఆడిటర్ ఆఫీసుకు ఎవరు ఎన్నింటికి వచ్చారన్నది పెద్ద విషయం కాదు, ఏ క్లయింటు ఫైలు మీద ఎంతసేపు పోయిందన్నది కావాలి. మొదటిది హాజరు, మిగతా రెండూ టైమ్‌షీట్, అంటే ఏ పనికి ఎంతసేపు పట్టిందన్న లెక్క. రెంటినీ ఒకే పేరుతో అమ్ముతుంటారు గనుక, హాజరు మాత్రమే కావలసిన కర్మాగారం ప్రాజెక్టు లెక్కలున్న ఖరీదైన వెర్షన్ కొంటుంది. టైమ్‌షీట్ చాలిన ఆఫీసు గుమ్మం దగ్గర వేలిముద్ర యంత్రం బిగించుకుంటుంది. కిమాయ్ లాంటి ఓపెన్ సోర్స్ టైమ్‌షీట్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. పదిమంది ఉన్న ఆడిటర్ ఆఫీసుకు అంతకు మించి అవసరం ఉండదు, దాన్ని చూసుకునే మనిషి ఒకరుంటే చాలు.

కర్మాగారం సంగతి అంత తేలిక కాదు. రాత్రి షిఫ్టునే తీసుకోండి. సి షిఫ్టు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు. ఒక కార్మికుడు ఆదివారం రాత్రి 9:50కి లోపలికి వచ్చి, సోమవారం ఉదయం 6:04కి బయటికి వెళ్లాడు. మళ్లీ సోమవారం రాత్రి 9:52కి డ్యూటీకి వచ్చాడు. అడుగు స్థాయి వెర్షన్లలో రోజంటే తరచుగా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకే. ఆ మధ్యలో పడిన మొదటి పంచ్ రాక, చివరి పంచ్ పోక. దాంతో సోమవారం ఖాతాలో ఆ మనిషి ఉదయం 6:04కి వచ్చి రాత్రి 9:52కి వెళ్లినట్టు, 15 గంటల 48 నిమిషాలు పనిచేసినట్టు పడుతుంది. నిజానికి ఆ సమయంలో అతడు ఇంట్లో నిద్రపోయాడు. ఆదివారం ఖాతాలో ఒక్క పంచే ఉంది కాబట్టి ఆ రోజు గైర్హాజరు. పనిచేసిన రాత్రికి జీతం కోత, నిద్రపోయిన పగటికి ఓటీ.

టైం ఆఫీసులో కూర్చునే గుమాస్తాకు ఇది కొత్త కాదు. రాత్రి షిఫ్టులో 60 మంది ఉంటే ప్రతి ఉదయం 60 వరుసలు చేత్తో సరిచేసి, ఆ తర్వాతే టీ తాగుతాడు. షిఫ్టు మొదలైన తేదీకే ఆ పని మొత్తం జమ కావాలని చెప్పగల సౌకర్యం, వారం వారం మారే షిఫ్టులను యంత్రమే గుర్తించే సౌకర్యం చాలా ఉత్పత్తుల్లో రెండో మెట్టు నుంచి గానీ దొరకవు. రాత్రి షిఫ్టు ఉన్న ఏ సంస్థకైనా ఆ మెట్టే ప్రారంభం. దానికన్నా కింది వెర్షన్ ఎంత చౌకగా వచ్చినా, మిగిలిందనుకున్న డబ్బు గుమాస్తా వేళల్లోనే ఖర్చవుతుంది.

ఇక మిస్ పంచ్. వేలిముద్ర పడకపోవడం, కార్డు మరచిపోవడం, బయటి పనికి పంపితే నేరుగా ఇంటికి వెళ్లిపోవడం రోజూ జరిగేవే. సిమెంటు, రసాయనాలు, బరువైన సరుకుతో పనిచేసేవారి వేళ్ల గీతలు అరిగిపోతాయి, యంత్రం వారిని గుర్తించనంటుంది. అలాంటప్పుడు ఆ లోటును ఎవరు పూరిస్తారు? కొన్ని చిన్న వెర్షన్లలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవారు నేరుగా వేళ మార్చేయవచ్చు, పాత వేళ చెరిగిపోతుంది. కాస్త పై వెర్షన్లలో కార్మికుడు అర్జీ పెడతాడు, సూపర్‌వైజర్ ఒప్పుకుంటాడు, హెచ్‌ఆర్ ఖరారు చేస్తుంది. అసలు పంచ్ అలాగే ఉండి, దిద్దుబాటు పక్కన చేరుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో కనిపిస్తుంది. గీత గీసి పైన మరో అంకె వేస్తే కాగితం మస్టర్‌లోనైనా ఆ సిరా మరక మిగులుతుంది. మార్పు జాడ ఉంచని సాఫ్ట్‌వేర్ ఆ మాత్రం సాక్ష్యం కూడా మిగల్చదు. జీతం గురించి తగాదా వచ్చి కార్మిక శాఖ అధికారి ముందు కూర్చోవాల్సి వస్తే, ఏ సమయంలో ఎవరు మార్చారో చెప్పలేని ప్రింటవుట్‌ను యాజమాన్యం గట్టిగా సమర్థించుకోలేదు. ధరల పట్టికలో ఈ సౌకర్యం ఆడిట్ ట్రయల్ అనే పేరుతో ఎక్కడో అడుగున ఉంటుంది. ఏ వెర్షన్ నుంచి అది మొదలవుతుందో ముందు అడగాలి.

ఒకరి పంచ్ మరొకరు కొట్టడం కూడా ఇక్కడే తేలాలి. ఈ బాధ యంత్రమంత పాతది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో నగల వ్యాపారం చేసిన విల్లర్డ్ బండీ తన గడియారానికి 1890లో పేటెంటు పొందాడు. అందులో ఒక్కో కార్మికుడికి అంకె చెక్కిన తాళంచెవి ఇచ్చేవారు. తాళంచెవిని స్నేహితుడి చేతికి ఇస్తే ఆపేదెవరు? వేలిముద్ర, ముఖం గుర్తింపు ఈ సమస్యను బాగా తగ్గించాయి గానీ, దాని కోసం పెద్ద వెర్షన్ అక్కర్లేదు. గుర్తింపు యంత్రం చేస్తుంది, సాఫ్ట్‌వేర్ లెక్క మాత్రమే కడుతుంది. ఆ యంత్రం పంచ్‌లను తన సొంత సాఫ్ట్‌వేర్‌కే ఇస్తుందా, వేరేవాటికీ ఇస్తుందా అన్నది మాత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్ మార్చాలనుకున్న రోజున గోడకున్న 12 యంత్రాలనూ పీకేయాల్సి వచ్చిందంటే, మొదట తగ్గించుకున్నదంతా పోయినట్టే.

చట్టం వైపు నుంచి చూస్తే వెర్షన్‌లో ఉండాల్సిన గుణం మరొకటి ఉంది: నియమాలను కొన్నవారే మార్చుకోగలగడం. వారానికి 48 గంటల పరిమితి, అదనపు గంటలకు రెట్టింపు వేతనం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి వస్తున్నాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ అవి కొనసాగుతున్నాయి. కానీ రోజు పరిమితి, విరామం, ఓటీ గరిష్ఠ పరిమితి రాష్ట్రాన్ని బట్టి, సంస్థ రకాన్ని బట్టి మారుతుంటాయి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలను మినహాయించి వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవడానికి అనుమతించింది. వారానికి 48 గంటలు దాటితే ఓటీ చెల్లించాలని, ఆ ఓటీ మూడు నెలల్లో 144 గంటలు మించరాదని షరతులు పెట్టింది. ఇందులో మూడు లెక్కలున్నాయి: రోజుది, వారానిది, మూడు నెలలది. రోజు లెక్క మాత్రమే తెలిసిన వెర్షన్ 9 గంటలు పనిచేసిన ప్రతివారికీ గంట ఓటీ వేస్తుంది, లేదా ఎవరికీ వేయదు. ఒకరి ఓటీ 130 గంటలకు చేరినప్పుడే హెచ్చరించేదీ, 144 దాటాక నివేదికలో ఎర్ర రంగు వేసేదీ ఒకటి కావు. ఇలాంటి ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ నియమం మార్చడానికి అమ్మినవారికి ఫోను చేసి, వారు పంపిన కొటేషన్ కోసం ఎదురుచూడాల్సిన వెర్షన్ చౌక కాదు.

నిమిషాలను సర్దే పద్ధతి గురించి ఎవరూ అడగరు, అడిగి తీరాలి. అమెరికాలో సమాఖ్య నిబంధనలు వేళను పావుగంటకు సర్దడానికి అనుమతిస్తాయి: 9:07కి వస్తే 9:00గా, 9:08కి వస్తే 9:15గా రాయవచ్చు, అయితే కాలక్రమంలో కార్మికుడికి నష్టం కలగకూడదు. అదే అమరిక ఇక్కడికి దిగుమతి అయిన కొన్ని సాఫ్ట్‌వేర్లలో ముందే వేసి ఉండవచ్చు. సాయంత్రం పని ముగిశాక రోజూ 7 నిమిషాలు కొట్టేస్తే 26 పనిదినాలకు 182 నిమిషాలు, అంటే మూడు గంటలు. 200 మంది ఉన్న చోట నెలకు 600 గంటలకు పైగా కూలి మాయమవుతుంది, ఎవరూ దొంగిలించకుండానే. సర్దుబాటును పూర్తిగా ఆపేయగల వెర్షన్ ఉంటే అదే మేలు. నిమిషాలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవడం కంప్యూటర్‌కు ఏమంత కష్టం?

యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 మే 14న స్పెయిన్ నుంచి వచ్చిన ఒక కేసులో, యజమానులు రోజువారీ పని గంటలను కొలిచే నిష్పాక్షికమైన, నమ్మదగిన, అందుబాటులో ఉండే వ్యవస్థను ఏర్పాటు చేసేలా సభ్య దేశాలు చూడాలని తీర్పు చెప్పింది. ఆ మూడింటిలో అందుబాటు అన్నది మన దగ్గర తరచూ జారిపోతుంది. తన గంటలను తాను చూసుకునే అవకాశం ఉద్యోగికి ఇవ్వడాన్ని చాలామంది విలాసంగా భావిస్తారు, అమ్మేవారు దాన్ని సెల్ఫ్ సర్వీస్ అంటూ వేరే మాడ్యూల్‌గా పెడతారు. దానికి డబ్బు ఇవ్వడం దండగ కాదు. ఉద్యోగి తన మిస్ పంచ్‌ను మూడో తేదీనే చూసి అర్జీ పెట్టుకుంటే, 30న హెచ్‌ఆర్ గది ముందు వరుస ఉండదు.

డేటా క్లౌడ్‌లో, అంటే అమ్మినవారి సర్వర్లలో ఉండాలా, సొంత కంప్యూటర్‌లోనా అన్న వాదన ఎప్పటికీ తెగదు. 2021 డిసెంబరులో అమెరికాలో హాజరు, జీతాల లెక్కలు చూసే క్రోనోస్ ప్రైవేట్ క్లౌడ్ మీద రాన్సమ్‌వేర్ దాడి, అంటే డేటాకు తాళం వేసి డబ్బు అడిగే దాడి, జరిగింది. ఆసుపత్రులు, నగర పాలక సంస్థలు, కంపెనీలు వారాల తరబడి గంటలను కాగితం మీద రాసుకున్నాయి. కొన్నిచోట్ల పాత జీతం మొత్తాన్నే అంచనాగా చెల్లించి, తర్వాత సరిచేసుకున్నారు. దీన్ని చూసి క్లౌడ్ వద్దనుకోవడం తొందరపాటు. సొంత కంప్యూటర్ వెర్షన్ అంటే చాలా చోట్ల హెచ్‌ఆర్ గది మూలన ఉండే పాత సీపీయూ, దాంట్లో ఒక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైలు, బ్యాకప్ ఎవరు తీస్తున్నారో ఎవరికీ తెలియదు. యాక్సెస్ ఫైలుకు 2 జీబీ గరిష్ఠ పరిమితి ఉంది. ఏళ్ల తరబడి పంచ్‌లు పేరుకునే చోట ఏదో ఒక రోజు ఆ గోడ తగులుతుంది. క్లౌడ్ వెర్షన్ తీసుకుంటే, రోజూ రాత్రి ఆ రోజు పంచ్‌లు సంస్థ చేతికి ఫైలుగా వచ్చే ఏర్పాటు ఉందా అని చూడాలి. సొంత కంప్యూటర్ వెర్షన్ తీసుకుంటే, బ్యాకప్ బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి.

ధరలో మెలిక మనుషుల లెక్క దగ్గర ఉంటుంది. మాటవరసకు నెలకు మనిషికి 60 రూపాయలనుకుంటే 150 మందికి 9,000, ఏడాదికి 1,08,000, మూడేళ్లకు 3,24,000 రూపాయలు. కానీ కాంట్రాక్టు కార్మికులు వస్తూ పోతూ ఉండే చోట ఆ 150 నిలవదు. వెళ్లిపోయినవారి పేర్లు ఖాతాలో యాక్టివ్‌గా ఉంటే, లేని మనుషులకు కూడా నెలనెలా చెల్లింపు పోతుంది. తీసేస్తే వారి పాత రికార్డు పోతుందని కొన్ని ప్లాన్లు భయపెడతాయి. వెళ్లిపోయినవారి రికార్డు డబ్బు లేకుండా చదువుకోవడానికి మిగులుతుందా అని ముందే అడగడం మంచిది. ఒక్కసారి లైసెన్సు కొని ఏటా ఏఎంసీ అనే నిర్వహణ రుసుము కట్టే పద్ధతి మనుషులు ఎక్కువగా మారే చోట లాభం, ఇరవై ముప్పై మంది స్థిరంగా ఉండే చోట నెలవారీ చందాయే తేలిక.

పట్టికలో పై మెట్టున ఉండే వెర్షన్ల అసలు ఆకర్షణ నిఘా. కొన్ని నిమిషాలకోసారి కంప్యూటర్ తెర ఫొటో, మౌస్ కదలికల లెక్క, ఖాళీగా ఉన్న నిమిషాలు, రోజు చివర ఒక స్కోరు. ఇది పని గంటల నమోదు కాదు, వేరే సరుకు. 2024 డిసెంబరులో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్‌ఐఎల్ ఒక స్థిరాస్తి కంపెనీకి 40,000 యూరోల జరిమానా వేసింది. 3 నుంచి 15 నిమిషాల పాటు కీబోర్డు, మౌస్ కదలకపోతే ఆ కంపెనీ వాడిన సాఫ్ట్‌వేర్ దాన్ని ఖాళీ సమయంగా రాసేది, తెర ఫొటోలు తీసేది. ఫోనులో మాట్లాడినా, సమావేశంలో కూర్చున్నా కీబోర్డు కదలదు. అది కూడా పనే. ఫొటోలు ఎక్కడ నిలవ ఉంటాయన్నది మరో చిక్కు. 2025లో వర్క్‌కంపోజర్ అనే నిఘా యాప్‌కు చెందిన 2 కోట్లకు పైగా తెర ఫొటోలు రక్షణ లేని క్లౌడ్ గోదాములో ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని పరిశోధకులు బయటపెట్టారు. ఉద్యోగుల తెర మీద క్లయింటు పత్రాలు, ఈమెయిళ్లు, పాస్‌వర్డులు అన్నీ ఉంటాయి.

మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం డేటాను వాడుకోవడానికి యజమానికి వెసులుబాటు ఇచ్చింది. అయితే దాన్ని భద్రంగా ఉంచే బాధ్యత నుంచి తప్పించలేదు. ఆ రక్షణ చర్యల్లో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు. వేలిముద్రలు, ముఖాలు, తెర ఫొటోలు ఎన్ని ఎక్కువ పోగేస్తే భారం అంత ఎక్కువ. అందుకే పై వెర్షన్ తప్పనిసరిగా కొనాల్సి వస్తే, అందులోని నిఘా భాగాన్ని పూర్తిగా ఆపేసుకునే వీలుందో లేదో చూడాలి. ఆపలేనిది కొనకపోవడమే మంచిది.

మొబైల్ యాప్‌తో హాజరు ఇచ్చే వెర్షన్లకు మన రాష్ట్రాల అనుభవమే పాఠం. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ముఖం ఆధారంగా హాజరు యాప్ మొదలుపెట్టినప్పుడు, సొంత ఫోన్లలో దాన్ని వేసుకోవాలనడం మీద ఉపాధ్యాయులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఫోను ఎవరిది, డేటా ఖర్చు ఎవరిది, అది పాడైతే హాజరు ఏమవుతుంది అన్న ప్రశ్నలు ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసిన ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో పెట్టాలని నియమం పెట్టారు. సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. జీపీఎస్, ఫొటో, సమయం మూడూ ఉన్నా, వాటిని సరిచూసే మనిషి లేకపోతే ఆ వివరాలన్నీ నిలవ ఉండిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పొలాల్లో, రోడ్డు పనుల్లో, సెల్ టవర్ అందని గోదాముల్లో మనుషులుంటే, సిగ్నల్ లేనప్పుడు నమోదు చేసి తర్వాత పంపే సౌకర్యం ఏ వెర్షన్‌లో ఉందన్నదే మొదటి ప్రశ్న. ఆలస్యంగా చేరిన పంచ్‌కు ఫోను చూపిన వేళ వేస్తుందా, సర్వర్‌కు చేరిన వేళ వేస్తుందా అన్నది రెండోది.

ఐటీ సేవల కంపెనీలకు చివరి మాట ఆమోదం దగ్గర ఉంటుంది. అమెరికాలో గంటల లెక్కన పనిచేసే తెలుగు కన్సల్టెంట్లకు ఈ సంగతి బాగా తెలుసు. వారం చివర టైమ్‌షీట్ నింపాలి, క్లయింటు మేనేజర్ ఆమోదించాలి, ఆ తర్వాతే ఇన్‌వాయిస్, ఆ తర్వాతే డబ్బు. మేనేజర్ సెలవు మీద వెళ్తే ఆ గొలుసంతా ఆగుతుంది. అందుకే ఇక్కడ వెర్షన్‌లో చూడాల్సినవి ఆమోదానికి ప్రత్యామ్నాయ మనిషిని పెట్టుకునే వీలు, ఆమోదించిన వారాన్ని తాళం వేసే వీలు. మిగతా హంగులు ఉన్నా లేకున్నా ఒకటే.

ఒప్పందానికి ముందు నెల రోజులు పాత మస్టర్‌ను, కొత్త సాఫ్ట్‌వేర్‌ను పక్కపక్కనే నడపడం మంచి పద్ధతి. సంక్రాంతి లాంటి పండుగ వారం ఆ నెలలో పడితే మరీ మంచిది: సెలవులు, సెలవు రోజు పనికి బదులుగా ఇచ్చే కాంప్ ఆఫ్‌లు, సగం రోజులు, షిఫ్టు మార్పిళ్లు అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. నెలాఖరున రెండు లెక్కల మధ్య తేడా వచ్చిన పేర్లను మాత్రం తీసి, ఒక్కో తేడాకు కారణం అమ్మేవారితో చెప్పించాలి. చందా ఆపేసిన రోజున డేటా ఏ రూపంలో వస్తుందో కూడా అప్పుడే తేల్చుకోవాలి. నెలవారీ నివేదికల పీడీఎఫ్‌లు పనికిరావు. ప్రతి పంచ్, ప్రతి దిద్దుబాటు విడివిడి వరుసలుగా ఉన్న ఫైలు ఇస్తామని ఒప్పందంలో రాయించుకోవాలి.